కుడి ఇండికేటర్ వేస్తే రమ్మనా, ఆగమనా? హైవే మీద లారీలూ మనమూ

పొద్దుతిరుగుడు | శనివారం, రాత్రి 9:40

మొన్న మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వస్తున్నాం. ఎదురుబొదురు బళ్లు నడిచే రోడ్డు, మధ్యలో డివైడర్ లేదు. ముందు పట్టా కప్పిన పది టైర్ల లారీ. నలభై దాటడం లేదు. నాలుగైదు కిలోమీటర్లు ఓపిగ్గా దాని వెనకే వచ్చి, రోడ్డు తిన్నగా కనిపించగానే హారన్ కొట్టాను.

లారీ కాస్త ఎడమకి జరిగింది. కుడి ఇండికేటర్ వెలిగింది. లారీ డ్రైవరు కుడి లైటు వేశాడంటే ముందు ఖాళీగా ఉంది, పొమ్మని చెబుతున్నట్టు అని మా నాన్న నేర్పారు. పైగా ఎడమకి జరిగి దారి కూడా ఇస్తున్నాడు. గేరు దించి కుడికి తీశాను.

నా ముందు చక్రాలు లారీ వెనక చక్రాల పక్కకి వచ్చేసరికి ఆ లారీ మొత్తం నా మీదికి తిరగడం మొదలెట్టింది. కుడి పక్కన రైస్ మిల్లు గేటు ఉంది. నేను దాన్ని చూడనే లేదు. బ్రేకు తొక్కి కారుని మట్టిలోకి దించేశాను. ఆగాక చూస్తే లారీ బాడీకీ నా సైడు అద్దానికీ మధ్య అరచెయ్యి పట్టేంత సందు ఉంది. వెనక సీట్లో పాప ఉలిక్కిపడి లేచి ఏడ్చింది.

డ్రైవరు పరుగున దిగొచ్చాడు. మొదట అడిగింది "పాపకేమన్న తగిలిందా సార్?" అని. ఆ తర్వాతే "నేను ఇండికేటర్ ఏసిన గద సార్" అన్నాడు. అతని చేతులూ వణుకుతున్నాయి, నావీ వణుకుతున్నాయి.

నాలుగు రోజులైంది, ఇంకా మనసులోంచి పోవడం లేదు. ఆ లైటుకి అర్థం ఏమిటి? లారీలు నడిపేవాళ్లు, వాళ్లని దగ్గరగా ఎరిగినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నల్లమల_గాలి | శనివారం, రాత్రి 10:05

దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు.

మాది కర్నూలు. మా వైపు నేను చూసినంతవరకు ఎడమ ఇండికేటర్ వేస్తే "నేను పక్కకి తప్పుకుంటున్నా, నువ్వు పో" అని. కుడి వేస్తే "ఎదురుగా బండి వస్తోంది, రావద్దు" అని. అదే 44వ నంబరు హైవే మీద నాగపూర్ దాటి పైకి వెళ్లినప్పుడు అక్కడి లారీలు కుడి లైటు వేసి నన్ను పొమ్మన్నాయి. ఒకే దేశంలో, ఒకే హైవే మీద, ఒకే లైటు. మీ నాన్నగారు చెప్పిందీ నిజమే, ఆ డ్రైవరు అన్నదీ నిజమే.

సర్వీస్34 | శనివారం, రాత్రి 10:31

ముప్పై నాలుగేళ్లు ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైనవాణ్ణి బాబూ. గుంటూరు డిపో. నాకు తెలిసింది చెబుతాను.

మేము ట్రైనింగులో చదువుకున్నవి 1989 నాటి రూల్స్ ఆఫ్ ది రోడ్ రెగ్యులేషన్స్. ముందు వెళ్లే బండి డ్రైవరు "దాటొచ్చు" అని సైగ చేయనిదే వెనక బండి ఓవర్‌టేక్ చేయకూడదని అందులో ఉండేది. మరి ఆ సైగ ఏమిటి? ఇండికేటర్ కాదు. చెయ్యి. కుడి చేతిని కిటికీలోంచి అడ్డంగా బయటికి చాచి, వెనక నుంచి ముందుకి అర్ధచంద్రంలా ఊపాలి. ఆగమనడానికీ, నెమ్మదించడానికీ, కుడికి తిరగడానికీ వేరే వేరే చేతి సైగలు ఉండేవి. ఏదీ ఇంకోదానితో కలిసేది కాదు.

తర్వాత చెయ్యి లోపలికి పోయింది, లైటు వచ్చింది. రాత్రిపూట చెయ్యి కనపడదు కాబట్టి డ్రైవర్లు లైటుతోనే ఆ మాట చెప్పడం అలవాటు చేసుకున్నారు. ఎవరికి వాళ్లు, ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం. 2017లో పాత రెగ్యులేషన్స్ తీసేసి కొత్తవి తెచ్చారు. ఇవాళ చట్టం ప్రకారం కుడి ఇండికేటరంటే "నేను కుడికి వస్తున్నాను" అనే.

నా మట్టుకు నేను సర్వీసంతా ఒకటే పాటించాను. ముందు బండి కుడి లైటు వెలిగిందంటే తిరుగుతుందనే అనుకునేవాణ్ణి. పొమ్మనే అయితే రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే కదా.

ఇంకొకటి గమనించు బాబూ. లారీ ఎడమకి జరిగింది అన్నావు. అది నీకు దారి ఇవ్వడానికి కాదు. పొడుగు బండి కుడికి తిరగాలంటే ముందు ఎడమకి వెడల్పుగా తీసుకోవాలి. లేకపోతే వెనక చక్రాలు గేటు స్తంభాన్ని రాసుకుపోతాయి. దారి ఇవ్వడం, తిరగబోవడం రెండూ వెనక నుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. తేడా ఎక్కడంటే బ్రేకు లైట్లలో. దారి ఇచ్చేవాడు వేగం అలాగే ఉంచుతాడు. తిరిగేవాడు తగ్గిస్తాడు.

పొద్దుతిరుగుడు | శనివారం, రాత్రి 10:44

బ్రేకు లైట్లు వెలిగాయండీ. వెలగడం చూశాను. నా కోసమే నెమ్మదిస్తున్నాడు, ఎంత మర్యాద అనుకున్నాను.

పది_టైర్లు | ఆదివారం, ఉదయం 6:12

అన్నా, నేను లారీ నడిపేటోన్నే. మాది సూర్యాపేట దిక్కు. ఇప్పుడు మిల్లు కాడ లోడింగ్ లైన్ల ఉన్న, ఫోన్ల రాస్తున్న.

గా డ్రైవర్‌ది తప్పని నేను అన. నీది తప్పని గూడ అన. నువ్వు హారన్ కొట్టినంక లైటు పడ్డది కాబట్టి నీకు జవాబు ఇచ్చిండనే అనిపిస్తది. ఆయన ఆడ గేటు వచ్చింది కాబట్టి ఏసిండు. నువ్వు హారన్ కొట్టింది ఆయనకు ఇనపడ్డదో లేదో. లోడు మీద సెకండ్ గేర్ల, థర్డ్ గేర్ల ఇంజన్ మోత ఎట్లుంటదో క్యాబిన్ల కూసుంటే తెలుస్తది. ఎండకాలం అద్దాలు దించి పోతం, గాలి మోత ఒకటి. 2025 అక్టోబర్ సంది కొత్తగ తయారైన పెద్ద లారీలకు క్యాబిన్ల ఏసీ ఉండాల్నని రూల్ వచ్చింది, మంచిదే. మా బండి పాతది.

ఇగ అసలు సంగతి. ఇదివరకు ప్రతి లారీల క్లీనర్ ఉండేటోడు. కుడి దిక్కు నేను చూసేది, ఎడమ దిక్కు పిలగాడు చూసేది. డోరు మీద చెయ్యితోని చరిచి "రానీ రానీ", "రైట్ రైట్" అనేది. ఎనకనుంచి కారొస్తే "కారు, కారు" అని ఒర్లేది. ఇప్పుడు క్లీనర్ లేడు. జీతం ఇచ్చే తాకత్ లేదు, వచ్చే పిలగాండ్లు గూడ లేరు. ఒక్కన్నే. ఎడమ దిక్కు నాకున్నది ఒక్క అద్దం. డోరు కింద స్కూటర్ మీద మనిషున్నా నాకు కనపడడు. మీరు ఎడమ నుంచి సర్రున దూరి పోతరు చూడు, గప్పుడు నా గుండె జారి పోతది. మీ పానం మీకు ఎంతనో, మీకు తగిలితే జైలుకు పోయే నాకు నా ఇల్లు గూడ అంతే గదా.

జర ఎడమ నుంచి రాకుండ్రి. అంతకన్న పెద్ద మర్యాద మాకు ఏమీ అక్కర లేదు.

కృష్ణఒడ్డు | ఆదివారం, ఉదయం 8:20

అన్నగారూ, ఎడమ నుంచి రావడం తప్పేనండి, ఒప్పుకుంటాను. కానీ మీవాళ్లు డివైడర్ పక్క లైను వదలరు కదా! విజయవాడ హైవే మీద నెలకి రెండుసార్లు ఒక్కదాన్నే కారులో తిరుగుతాను. చౌటుప్పల్ దాటాక మొదలు. కుడి లైనులో డెబ్బై మీద లారీ, దాని వెనక ఇంకో లారీ. ఎడమ లైను ఖాళీ. హారన్ కొట్టినా, లైటు కొట్టినా కదలరు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. చివరికి ఎవరైనా ఎడమ నుంచే పోతారు. మీరే అలా పొమ్మన్నట్టు ఉంటుంది. బోర్డుల మీద "హెవీ వెహికల్స్ ఎడమ లైనులో" అని రాసి పెట్టే ఉంటుంది.

పది_టైర్లు | ఆదివారం, ఉదయం 9:02

చెల్లే, నువ్వన్నది నిజం. అలవాటు మీద కుడి లైన్ల పడిపోయి ఎనక సూడనోళ్లు మస్తు ఉన్నరు, వాళ్లను నేను ఎనకేసుకొస్త లేను.

కానీ ఎడమ లైన్ల ఏముంటదో చెప్త, ఇను. వానకాలం పంట కోసినంక వడ్లు ఆరబోస్తరు, యాసంగిల మక్కలు. కుప్ప సుట్టూ రాళ్లు పెడ్తరు. రాత్రి గా రాళ్లు కనపడయి. రాంగ్ సైడ్ల బండ్లు ఎదురొస్తయి. యూ టర్న్ రెండు కిలోమీటర్లు ఉంటది, పొలం కాడికి పోయే రైతు గంత దూరం తిరుగుతడా? బస్సు ఎక్కడ చెయ్యెత్తితే ఆడ ఆగుతది. డాబా కాడ ఆగిన లారీ తోక లైన్ల ఉంటది. లోడు బండి ఒక్కసారి ఆగితే మల్ల ఎనిమిది గేర్లు మార్చి డెబ్బైకి రావాల్నంటే మస్తు టైం, మస్తు డీజిల్. ఎడమ లైన్ల ఇరవై సార్లు బ్రేకు తొక్కుడు కన్న కుడి లైన్ల సాఫీగ పోవాల్ననిపిస్తది.

గిది సాకు కాదు, కారణం. ఎనక కారు కనపడంగనే నేనైతే ఎడమకు వస్త. కానీ రెండు సెకన్లల రాలేను. అద్దంల చూడాలె, ఎడమ దిక్కు ఎవలు లేరని గట్టి చేసుకోవాలె, అప్పుడు రావాలె. మీరు అంతల్నే లైటు మీద లైటు కొడ్తరు.

లెక్కల_మాస్టారు | ఆదివారం, ఉదయం 10:15

ఒక లారీ ఇంకో లారీని దాటేటప్పుడు మనకి ఎందుకంత సేపు పడుతుందో లెక్క వేద్దాం. రవాణా వాహనాలకి స్పీడ్ గవర్నర్ 80 దగ్గర కడతారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా అంతే. ఒకటి 80లో, ఇంకోటి 75లో వెళ్తున్నాయి అనుకోండి. తేడా గంటకి 5 కిలోమీటర్లు, అంటే సెకనుకి దాదాపు 1.4 మీటర్లు. లారీ పొడవు ఒక్కోటి సుమారు 12 మీటర్లు, లైను మారే ముందు పాతిక, మారాక పాతిక మీటర్ల జాగా. మొత్తం దాదాపు 75 మీటర్లు ఎక్కువ నడవాలి. దానికి 54 సెకన్లు. ఆ సెకన్లలో ఆ లారీ రోడ్డు మీద 1.2 కిలోమీటర్లు పోతుంది.

ఇప్పుడు పక్క లారీ డ్రైవరు కాలు కొంచెం తీసి 70కి దిగాడు అనుకోండి. తేడా 10 అవుతుంది. 27 సెకన్లు, 600 మీటర్లు. ఐదు కిలోమీటర్ల వేగం వదులుకుంటే వెనకున్న పది కార్లకి సగం సమయం మిగిలింది. వెనక నుంచి దాటుతున్నవాడికి దారివ్వకుండా వేగం పెంచకూడదని చట్టంలో ఉంది. కాస్త తగ్గించడం ఆ మనిషి మంచితనం.

ఇదే లెక్క మనకీ వర్తిస్తుంది. లారీ పక్కన నక్కినక్కి 82లో పోతూ ఫోన్ మాట్లాడే కార్లు చూస్తుంటాను. చక్రాల పక్కన అన్నేసి సెకన్లు ఉండటం ప్రమాదం. దాటాలనుకుంటే దాటేయాలి, లేకపోతే వెనకే ఉండాలి.

ఆటోనగర్_పానా | ఆదివారం, మధ్యాహ్నం 1:30

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బ్రేకుల పని చేస్తానండి. ఒక మాట చెప్పి వెళ్తాను.

కారు బ్రేకు నూనె మీద పని చేస్తుంది. తొక్కితే ఆ క్షణమే పడుతుంది. లారీది గాలి. ఎయిర్ ట్యాంకు నుంచి గాలి గొట్టాల్లో పోయి చివరి చక్రం దాకా వెళ్లి బ్రేకు పట్టుకునేసరికి కొంచెం టైం పోతుంది. 80 మీద సెకనుకి 22 మీటర్లు పోతాం కదా, అర సెకను ఆలస్యమైనా 11 మీటర్లు. ఒక కారు పొడవు మూడింతలు దగ్గర. పైగా పది టైర్ల బండి లోడుతో 28 టన్నులు ఉంటుంది. ఇనుప కాయిల్సో పైపులో ఉన్నాయంటే డ్రైవరు గట్టిగా తొక్కడానికి భయపడతాడు. సరుకు ముందుకి జరిగి క్యాబిన్ మీదికి వస్తుంది. మా షెడ్డుకి అలా నలిగిన క్యాబిన్లు వస్తాయండి. అవి చూశాక నేను లారీ ముందు కారు పెట్టి బ్రేకు వేయడం మానేశాను.

పదేపదే తొక్కితే గాలి దిగిపోద్ది. డ్రమ్ములు కాలిపోతే పట్టు ఉండదు. అందుకే ఘాట్లో గేరులో దించుతారు. మారేడుమిల్లి నుంచి చింతూరు దిగేటప్పుడు ముందు లారీ మెల్లగా పోతుంటే హారన్ కొట్టకండి. మెల్లగా దిగుతున్నాడంటే బ్రేకులు దాచుకుంటున్నాడని అర్థం.

నల్లమల_గాలి | ఆదివారం, మధ్యాహ్నం 2:10

ఘాట్ మాట వచ్చింది కాబట్టి. ఇరుకు దగ్గర ఎక్కే బండికే ముందు హక్కు, దిగేవాడే ఆగాలి. లోడుతో ఎక్కేవాడు ఆగితే మళ్లీ కదలలేడు, వెనక్కి జారతాడు. హెయిర్‌పిన్ దగ్గర పొడుగు లారీకి రోడ్డు మొత్తం కావాలి. అక్కడ మూతి దూర్చి "నా సైడులో నేనున్నా" అని వాదించే కార్లని చూశాను. రెండు వైపులా గంటసేపు ట్రాఫిక్ ఆగిపోయింది.

ఎగిరిన_పిట్ట | ఆదివారం, రాత్రి 8:45

డల్లాస్ నుంచి రాస్తున్నాను. పదమూడేళ్లయింది ఇక్కడికి వచ్చి.

ఇక్కడ రాత్రిపూట ట్రక్కులు ఒకదాన్నొకటి దాటేటప్పుడు ఒక పద్ధతి ఉంది. ముందుకి వెళ్లిన ట్రక్కు డ్రైవరుకి తన ట్రైలర్ తోక వెనక బండిని పూర్తిగా దాటిందో లేదో సరిగ్గా తెలియదు. ట్రైలరే 53 అడుగులు ఉంటుంది. అందుకని వెనకున్నవాడు హెడ్‌లైటు ఒకసారి ఆర్పి వెలిగిస్తాడు. "నీ తోక దాటింది, ఇక లోపలికి రా" అని. వచ్చినవాడు వెనక లైట్లు రెండుసార్లు మిణుకుమనిపిస్తాడు. అది థాంక్స్. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏమీ అర్థం కాలేదు. ఒక ట్రక్ స్టాప్‌లో పంజాబీ డ్రైవరు చెప్పారు.

కానీ ఆ అలవాటు పట్టుకుని ఇండియా వచ్చినప్పుడు నాకు త్రుటిలో ప్రమాదం తప్పింది. ఏలూరు దగ్గర ఒక ఊరి రోడ్డులోంచి నేను హైవే మీదికి ఎక్కాలి. వచ్చే లారీ హెడ్‌లైటు కొట్టింది. అమెరికాలో అలా కొడితే "నువ్వు రా, నేను ఆగుతా" అని. నేను ఎక్కబోయాను. పక్కనున్న మా బావగారు స్టీరింగు పట్టుకుని "ఆగు!" అని అరిచారు. మన దగ్గర లైటు కొడితే "నేను వస్తున్నా, నువ్వు ఉండు" అని కదా. లారీ ఊపులో కారు కదిలిపోయింది.

అందుకే పొద్దుతిరుగుడు గారి బాధ నాకు బాగా అర్థమైంది.

ఇక్కడ లైసెన్సు పుస్తకాల్లోనూ, ట్రక్కుల వెనకా ఒక మాట ఉంటుంది. "నా అద్దాలు నీకు కనపడకపోతే నువ్వు నాకు కనపడవు" అని. ట్రక్కు ముందు 20 అడుగులు, వెనక 30 అడుగులు, ఎడమన ఒక లైను, కుడిన రెండు లైన్ల మేర డ్రైవరుకి చీకటి ప్రాంతం అని చెబుతారు. ఇక్కడ డ్రైవరు ఎడమన కూర్చుంటాడు కాబట్టి కుడివైపు ఎక్కువ. మన దగ్గర తిరగేసుకోవాలి. ఎడమవైపే ఎక్కువ.

కృష్ణఒడ్డు | ఆదివారం, రాత్రి 9:30

పొద్దున కోపంగా రాశాను, పది_టైర్లు అన్న చెప్పిన వడ్ల కుప్పల సంగతి చదివాక ఆలోచించాను. నిజమే, నందిగామ దగ్గర నేనూ ఒకసారి ఆ రాళ్ల మీదికి ఎక్కించాను.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. రాత్రిళ్లు ఒక్కదాన్నే వస్తున్నప్పుడు నాకు లారీల కన్నా కార్ల భయమే ఎక్కువ. కారులో ఆడమనిషి ఉందని తెలిస్తే పక్కనే నడపడం, ముందుకొచ్చి బ్రేకులు వేయడం చేసేది కార్లవాళ్లే. రెండేళ్ల క్రితం కోదాడ ఇవతల టైరు పోయింది. వెళ్తున్న లారీ ఒకటి ముందుకి వెళ్లి ఆగింది. పెద్దాయన దిగి వచ్చి, "అమ్మా, నువ్వు రోడ్డు వైపు నిలబడకు, రెయిలింగ్ అవతలికి వెళ్లు" అని, ముందు తన పార్కింగ్ లైట్లు వేసి, నా కారు వెనక వేపకొమ్మ విరిచి పెట్టి, తర్వాత టైరు మార్చారు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. "మా అమ్మాయి కూడా కారు నేర్చుకుంటోంది" అన్నారు.

సర్వీస్34 | సోమవారం, ఉదయం 6:50

కొమ్మ మాట వచ్చింది గనక ఒక విన్నపం. ఆగిపోయిన లారీకి వెనక కొమ్మలూ రాళ్లూ పెడతారు. బండి బాగయ్యాక కొమ్మ తీసి పారేస్తారు, రాళ్లు అక్కడే వదిలేసి పోతారు. ఆ రాయి మీద తెల్లవారుజామున మోటారు సైకిలు పడి మనిషి పోవడం నేను బస్సు సీట్లోంచి కళ్లారా చూశాను. దయచేసి రాళ్లు పెట్టకండి. మూడు మూలల ఎర్ర బోర్డు మూడొందలో నాలుగొందలో, కొని బండిలో పెట్టుకోండి.

కార్లవాళ్లకి చెప్పేది, తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య ఎడమ పక్క ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దే ప్రమాదాలే ఎక్కువగా చూశాను. వెనక లైటు ఉండదు, రిఫ్లెక్టర్ స్టిక్కర్ మీద దుమ్ము. నిద్రమత్తులో కదులుతున్న లారీకీ ఆగిన లారీకీ తేడా తెలియదు. దారి పక్కన లైట్లు లేకుండా ఆపిన బండి కనపడితే హైవే వాళ్ల 1033కి ఫోన్ చేయండి. పెట్రోలింగు బండి వస్తుంది. మీ తర్వాత వచ్చేవాడికి అది మేలు.

పది_టైర్లు | సోమవారం, మధ్యాహ్నం 12:40

పెద్దాయన చెప్పింది సరిగ్గ ఉంది. రాళ్లు పెట్టుడు నేను మానేసిన.

పొద్దుతిరుగుడు అన్నా, ఒక మాట. శుక్రవారం రాత్రి బియ్యం లోడు మీద కాకినాడ పోతున్న. కోదాడల ఎక్కు, విజయవాడల దిగు. క్యాబిన్ల ఖాళీ సీటు ఉంది. క్లీనర్ సీటు. వచ్చి చూడు.

పొద్దుతిరుగుడు | సోమవారం, మధ్యాహ్నం 12:58

వస్తానన్నా. తప్పకుండా వస్తాను.

పొద్దుతిరుగుడు | ఆదివారం, ఉదయం 11:20

వెళ్లొచ్చాను. తెల్లవారితే మర్చిపోతానేమోనని నిన్న బస్సులో తిరిగి వస్తూనే రాసుకున్నాను.

రాత్రి పదకొండున్నరకి కోదాడలో ఎక్కాను. మెట్లు మూడు. పైన కూర్చుంటే కారు పైకప్పులు కింద కనపడతాయి. అన్న వయసు నలభై ఐదు ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద యాదగిరి నరసింహస్వామి పటం, పక్కన వాళ్ల పాప స్కూలు ఫోటో.

మొదటి అరగంటలోనే నాకు అర్థమైన సంగతి ముందున్న జాగా గురించి. అన్న ముందు బండికీ మా బండికీ మధ్య ఎప్పుడూ యాభై అరవై మీటర్లు వదులుతాడు. ఆ ఖాళీ చూసి నేనైతే కారుతో దూరిపోయేవాణ్ణి. ఇన్నేళ్లూ దూరాను. ఆ రాత్రి కోదాడ నుంచి నందిగామ దాకా పదకొండు కార్లు దూరాయి, లెక్కపెట్టాను. ప్రతి కారు దూరినప్పుడూ అన్న కాలు తీసి మళ్లీ ఆ జాగా చేసుకుంటాడు. అది చేసుకునేలోపు ఇంకోటి వస్తుంది. "అది ఖాళీ జాగా కాదన్నా, అది నా బ్రేకు" అన్నాడు. చిల్లకల్లు టోల్ దగ్గర ఒక కారు మా ముందుకి వచ్చి ఫాస్టాగ్ లైను చూసుకుంటూ టక్కున ఆగింది. బ్రేకు తొక్కగానే బుస్సుమని గాలి చప్పుడు, బండి మొత్తం ఒక్కసారి ముందుకి వంగి, వెనక బస్తాల బరువు వీపు మీద తోసినట్టు అనిపించింది. కారు వెనక అద్దం మా బంపరు కిందికి మాయమైపోయింది. అంటే కారు ఎక్కడుందో ఇద్దరికీ కనపడలేదు. తగల్లేదు. అన్న ఏమీ అనలేదు, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

ఎడమ అద్దం నన్ను చూడమన్నాడు. కంచికచర్ల దాటాక ఒక బైకు హెల్మెట్ అద్దంలో కనపడింది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోపు లేదు. డోరు కింద ఉంది. తల బయటికి పెట్టి చూస్తేనే కనపడింది. నేను లేకపోతే అన్న చూడగలిగేవాడు కాదు. డోరు చరిచి "ఉండన్నా, బైకుంది" అన్నాను.

లైట్ల సంగతి. వెనక ఒక కారు తెల్లటి ఎల్‌ఈడీ హై బీమ్ వేసుకుని రెండు కిలోమీటర్లు వచ్చింది. అన్న ముఖం మీద అద్దంలోంచి ఆ వెలుగు పడి కన్ను చికిలించి నడిపాడు. నా కారుకీ అవే లైట్లు. దుకాణంలో అడిగి మరీ వేయించుకున్నాను. నిన్న తీయించేశాను.

అన్నీ చేదే కాదు. నందిగామ దగ్గర ఒక తెల్ల కారు వెనక నుంచి వచ్చింది. దూరంలోనే లైటు దించింది. ఒకసారి చిన్నగా డిప్పర్ కొట్టి ఆగింది, తొందరపెట్టలేదు. అన్న అద్దంలో చూసుకుని ఎడమకి తీసి, కుడి చెయ్యి కిటికీలోంచి చాచి ముందుకి ఊపాడు. సర్వీస్34 గారు చెప్పిన సైగే! కారు దాటి, మాకు బాగా దూరం వెళ్లాకే లోపలికి వచ్చింది. హారన్ రెండుసార్లు చిన్నగా మోగింది. అన్న స్టీరింగు మీద నుంచి నాలుగు వేళ్లు లేపాడు. చీకట్లో ఆ కారాయనకి కనపడి ఉండదు.

ఇబ్రహీంపట్నం దగ్గర టీ తాగాం. మరి ఇండికేటర్ మాటేమిటన్నా అని అడిగాను. "నేను లైటుతోని ఎవలకు పొమ్మని చెప్ప. చెయ్యితోనే చెప్త. రాత్రి అయితే ఎడమకు తీసి ఊకుంట, వాళ్లే చూసుకుంటరు" అన్నాడు. నాలుగున్నరకి విజయవాడలో దిగాను. అన్న కాకినాడ వైపు వెళ్లిపోయాడు, ఇంకా రెండొందల కిలోమీటర్లు, ఎడమ అద్దం ఒక్కడే చూసుకుంటూ.

సర్వీస్34 | ఆదివారం, మధ్యాహ్నం 12:05

బాబూ, చదివాను. సాయంత్రం మా మనవడికి కారు నేర్పడానికి వెళ్తున్నాను. చెయ్యి సైగలతోనే మొదలుపెడతాను.

పది_టైర్లు | ఆదివారం, సాయంత్రం 5:48

కాకినాడల అన్‌లోడింగ్ అయింది. గా తెల్ల కారాయన ఈడ ఎవలన్న ఉంటే చెప్పుండ్రి, నేను చెయ్యి ఎత్తిన.